శిష్యులకు గోడలిచ్చిన గురువు

మన రాజ్యాంగ పీఠిక బొమ్మ కంటపడని తెలుగువాళ్లు తక్కువే. బడి గోడల మీదా, కోర్టు వరండాల్లోనూ, ఆఫీసు క్యాలెండర్ల మీదా అది కనిపిస్తూనే ఉంటుంది. నాలుగు వైపులా దట్టమైన అల్లికతో అంచు, మధ్యలో కుదురైన ఇంగ్లీషు చేతిరాత. ఆ అంచులో కిందివైపు కుడి మూలన కళ్లు చికిలించి చూస్తే దేవనాగరిలో చిన్నగా ‘రామ్’ అని ఉంటుంది. దేవుడి పేరు కాదది, బొమ్మ వేసిన మనిషి సంతకం. ఆయన పేరు బ్యోహార్ రామ్‌మనోహర్ సిన్హా. ఊరు జబల్‌పూర్. శాంతినికేతన్‌లోని విశ్వభారతి కళాభవన్‌లో నందలాల్ బోస్ దగ్గర బొమ్మలు నేర్చుకున్న శిష్యుడు.

రాజ్యాంగం ఇంగ్లీషు మూలప్రతిని మొదటినుంచీ చివరిదాకా చేత్తో రాసింది ప్రేమ్ బిహారీ నారాయణ్ రాయ్‌జాదా. బొమ్మల పని నందలాల్‌కు అప్పగించారు. 22 భాగాలకు 22 తలకట్టు బొమ్మలు, పైన పేజీలకు అంచులు. ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఒక్కడే చెయ్యాలని ఆయన అనుకోనూ లేదు. కూతుళ్లు గౌరీ భంజ, జమునా సేన్‌తో పాటు కళాభవన్‌లో చదివినవాళ్లను, అప్పటికింకా చదువుతున్నవాళ్లను కూర్చోబెట్టాడు. తర్వాతి రోజుల్లో జైపూర్ నీలి కుండల పనికి మళ్లీ ప్రాణం పోసిన కృపాల్ సింగ్ షెఖావత్ ఆ జట్టులో ఒకడు.

బొమ్మల వరుస చూడదగ్గది. మొదటి భాగం మీద మొహెంజోదారో ముద్రలోని ఎద్దు. ప్రాథమిక హక్కులున్న మూడో భాగం మీద సీతారామలక్ష్మణులు. తర్వాత బుద్ధుడు, మహావీరుడు, అశోకుడు, నలందా, నటరాజు. పదమూడో భాగానికి వచ్చేసరికి మహాబలిపురం రాతి మీది గంగావతరణం. ఆపైన అక్బరు, శివాజీ, గురు గోవింద్ సింగ్, ఝాన్సీ లక్ష్మీబాయి, టిప్పు సుల్తాను, దండికి నడుస్తున్న గాంధీ, నేతాజీ. చివరి మూడు భాగాల మీద మనుషులు లేరు: హిమాలయాలు, ఎడారి, సముద్రం. చట్టం చదవని మనిషి కూడా తలకట్లు తిప్పుకుంటూ పోతే దేశం చరిత్రను ఒకసారి చూసినట్టవుతుంది. ఆ చరిత్ర ఎవరు చెప్పింది, ఎవరిని వదిలేసింది అన్న పేచీ ఎలాగూ ఉంటుంది, ఉండాలి కూడా.

మూడు సింహాలు కనిపించే చిహ్నం పేజీని గీసింది దీనానాథ్ భార్గవ. అప్పటికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రవాడు. సారనాథ్ స్తంభం ఫొటో ముందు పెట్టుకుని దించేస్తే సరిపోయే పని. నందలాల్ ఒప్పుకోలేదు. కలకత్తా జంతుప్రదర్శనశాలకు వెళ్లి బతికున్న సింహాలను చూసి రమ్మన్నాడు. అతను వెళ్లి రోజుల తరబడి బోనుల ముందు నిలబడి సింహం ఎలా కూర్చుంటుందో, జూలు ఎటు పడుతుందో, నోరు తెరిస్తే ముఖం ఎలా మారుతుందో గీసుకుని వచ్చి, అప్పుడు రాతి సింహాల మీద చెయ్యి పెట్టాడు. 1950 జనవరి 24న రాజ్యాంగ సభ సభ్యులు సంతకాలు పెట్టింది ఈ పుస్తకం మీదే. దాని నకళ్లను డెహ్రాడూన్‌లోని సర్వే ఆఫ్ ఇండియా ముద్రణాలయంలో అచ్చు వేశారు.

ఇంతటి పని కుర్రవాళ్ల చేతికి ఇవ్వడానికి నందలాల్‌కు ధైర్యం ఎక్కడిది? ఆ ధైర్యం ఆయనకు అప్పటికప్పుడు పుట్టింది కాదు. అంతకు ముందు పాతికేళ్లకు పైగా ఆయన శిష్యుల చేత చేయిస్తూ వచ్చింది అదే. హాస్టలు పైకప్పులు, గ్రంథాలయం వరండాలు, కాంగ్రెస్ పందిళ్లు, పండుగ ముంగిళ్లు, పిల్లల వాచకాలు: నలుగురు తిరిగే చోట, నలుగురు వాడుకునే వస్తువు మీద బొమ్మ వెయ్యడం. కళాభవన్ గొప్పతనం దాని శైలిలో కన్నా ఈ అలవాటులో ఎక్కువ ఉందని నా నమ్మకం. శైలి పాతబడింది. అలవాటుకు మాత్రం మన విశ్వవిద్యాలయాల్లో ఇప్పటికీ సరైన చోటు దొరకలేదు.

కళాభవన్ 1919లో మొదలైంది. 1921లో విశ్వభారతి వచ్చింది, 1951లో అది కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. సరిగ్గా ఆ ఏడాదే నందలాల్ అధ్యక్ష పదవి నుంచి దిగిపోయాడు. కలకత్తాలో అవనీంద్రనాథ్ ఠాగూర్ శిష్యుడైన ఈయన, కుర్రతనంలో ఇంగ్లీషు చిత్రకారిణి లేడీ హెరింగ్‌హామ్ బృందంతో కలిసి అజంతా గుహల్లో నకళ్లు తీశాడు. 1921లో బాగ్ గుహలకు వెళ్లి అక్కడివీ తీశాడు. పెచ్చులూడుతున్న పాత గోడల ముందు గడిపిన ఆ రోజులే ఆయన్ను గోడల మనిషిని చేశాయి. జేబులో పట్టే, ఫ్రేములో ఇమిడే నీటిరంగుల బొమ్మలతో పేరు తెచ్చుకున్న బెంగాల్ చిత్రకారుల్లో ఈ యావ ఆయనకున్నంతగా ఇంకెవరికీ లేదు.

జపాన్ కళావేత్త ఒకాకురా చెప్పిన ఒక సంగతిని నందలాల్ జీవితాంతం పట్టుకుని ఉన్నాడు. ఒకాకురా మూడు అగ్గిపుల్లలు తీసి త్రికోణంగా పేర్చి, ఒకటి ప్రకృతి, ఒకటి సంప్రదాయం, ఒకటి సొంత ఊహ అన్నాడట. ఏ ఒక్కటి తీసేసినా బొమ్మ నిలబడదని అర్థం. కళాభవన్ విద్యార్థులకు ప్రేరణ ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే ఈ మూడు పుల్లలనే చూపించాలి. అయితే మొదటి రెంటినీ నందలాల్ పాఠంగా పెట్టాడు. మూడోదాన్ని నేర్పడం ఎవరి తరమూ కాదని ఆయనకు తెలుసు.

ప్రకృతి అంటే అక్కడ బీర్‌భూమ్ జిల్లా. ఎర్రటి చిట్టురాతి నేల, వానకు కోసుకుపోయిన ‘ఖొవాయి’ గండ్లు, తాటిచెట్లు, కొపాయి ఏరు, చుట్టూ సంతాలుల పల్లెలు. మనిషిని గదిలో కదలకుండా నిలబెట్టి గీయించే ఐరోపా అకాడమీ పద్ధతిని నందలాల్ పక్కన పెట్టాడు. సంతకు పోయే ఆడమనిషిని, దున్నే రైతును, గేదె మీది కుర్రవాణ్ణి నడుస్తుండగానే పట్టుకోమనేవాడు. తనూ అదే చేసేవాడు. ఆయన వెళ్లిన ఊళ్ల నుంచి శిష్యులకు ఉత్తరాలకు బదులు బొమ్మలు గీసిన పోస్టుకార్డులు వచ్చేవి. నాలుగు గీతల్లో ఒక కొండ, రెండు మచ్చల్లో ఒక పడవ. వందల కొద్దీ వేసిన ఆ కార్డులు ఇప్పుడు మ్యూజియంల్లోనూ, కొనుగోలుదారుల ఇళ్లలోనూ ఉన్నాయి గానీ, అప్పుడవి పాఠాలు.

సంప్రదాయం కోసం ఏటా యాత్ర. విద్యార్థులను వెంటేసుకుని పాత గుళ్లకూ గుహలకూ పోవడం కళాభవన్‌లో చదువులో భాగం. 1940లో చేరిన ఒక కలకత్తా కుర్రవాడు ఇలాంటి యాత్రలోనే అజంతా, ఎల్లోరా, సాంచీ, ఖజురాహో చూశాడు. అతనికి చిత్రకారుడయ్యే ఉద్దేశం పెద్దగా లేదు. చదువు పూర్తి కాకుండానే 1942లో వెళ్లిపోయి ప్రకటనల కంపెనీలో చేరాడు, తర్వాత సినిమాలు తీశాడు. సత్యజిత్ రాయ్. మన దేశపు కళను చూసే కన్ను శాంతినికేతన్‌లోనే తెరుచుకుందని ఆయన ఎప్పుడూ ఒప్పుకునేవాడు.

నేల మీది పని నుంచి గోడ మీది పనికి రావడం అక్కడి క్రమం. బెంగాల్ ఆడవాళ్లు వ్రతాలకు వేసే ‘ఆల్పొనా’ను తెలుగువాళ్లకు చెప్పాలంటే మన ముగ్గుకు చెల్లెలు అనాలి. మనం పొడిపిండిని వేళ్ల సందు నుంచి జారవిడుస్తాం, చుక్కలు పెట్టుకుని లెక్క ప్రకారం కలుపుతాం. వాళ్లు నానబెట్టిన బియ్యం రుబ్బి, ఆ పలచటి పిండిలో గుడ్డపేలిక ముంచి అరచేతిలో పట్టుకుంటారు. పిండి వేలి వెంట కారుతూ గీత అవుతుంది. చుక్కల లెక్క లేదు, తీగ ఎటు సాగితే అటు. దీన్ని నేర్పడానికి సుకుమారీ దేవి అనే పెద్దావిడను కళాభవన్‌లో గురువుగా పెట్టుకున్నారు. ఇంటి ముంగిట్లో ఆడవాళ్లు వేసేదాన్ని విశ్వవిద్యాలయం పాఠంగా ఒప్పుకోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. తర్వాత గౌరీ భంజ చేతిలో ఆల్పొనా పెరిగి పెద్దదై, వసంతోత్సవానికీ, మొక్కలు నాటే పండక్కీ ఆవరణలంతా పరుచుకుంది. నేల మీద వంగి చెయ్యి ఆపకుండా పెద్ద వంపును లాగడం వచ్చినవాడికి గోడ భయం ఉండదు.

గోడ మీద తడి సున్నంలో రంగు వెయ్యడం ఓపికకు పరీక్ష. ఫ్రెస్కో అంటే చాలామంది గోడకు రంగు పూయడమే అనుకుంటారు. అసలు పని సున్నంలో ఉంది. సున్నాన్ని నెలల తరబడి నీళ్లలో నానబెట్టి మెత్తగా చేస్తారు. దాన్ని ఇసకతో కలిపి గార పెడతారు. పై పూత ఇంకా పచ్చిగా ఉండగానే ఉత్త నీళ్లలో కలిపిన రంగులు వేస్తారు. జిగురు ఏమీ ఉండదు. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయిగా మారేటప్పుడు రంగు రేణువులు ఆ రాతిలో చిక్కుకుపోతాయి. అందుకే ఆ రంగు గోడ మీద పొరలా ఉండదు, గోడలోనే ఉంటుంది. పూత ఆరేలోపు ఎంత మేర వెయ్యగలరో అంతే మేర ఆ రోజుకు గార పెట్టాలి. తప్పు పోతే చెరిపి దిద్దుకునే వీల్లేదు, ఆ ముక్క గీకి పారేసి మళ్లీ మొదలెట్టాలి. సున్నం ఘాటుకు తట్టుకునే రంగులే పనికొస్తాయి: జేగురు, పసుపు మట్టి, ఆకుపచ్చ మట్టి, దీపపు మసి, తెలుపుకు సున్నమే. ఖరీదైనది ఒక్కటీ లేదు.

దీనికే ఇంకో దారి జైపూర్ పద్ధతి, ‘ఆరాయిష్’. 1927లో నర్సింగ్‌లాల్ అనే జైపూర్ పనివాణ్ణి శాంతినికేతన్‌కు పిలిపించారు. ఆచార్యులూ విద్యార్థులూ కలిసి ఆయన దగ్గర నేర్చుకున్నారు. చివరి పూతలో సున్నంతో పాటు పాలరాతి పొడి ఉంటుంది. రంగు వేశాక ఊరుకోరు. చిన్న తాపీతో మెల్లమెల్లగా తడుతూ రంగును లోపలికి దింపుతారు. ఆ తర్వాత అకీకు రాయితో రుద్ది రుద్ది నునుపు తేలుస్తారు, చివర కొబ్బరినూనె చేత్తో పాముతారు. గోడ అద్దంలా నిగనిగలాడుతుంది. పాత గ్రంథాలయం వరండా గోడల మీద ఈ పద్ధతిలో వేసిన బొమ్మలున్నాయి. శాంతినికేతన్ పక్కనే ఉన్న శ్రీనికేతన్‌లో రవీంద్రనాథ్ ఠాగూర్ దుక్కి దున్నే పండుగను చూపే ‘హలకర్షణ’ను 1930లో నందలాల్ ఇటలీవాళ్ల తడి సున్నపు పద్ధతిలో వేశాడు. రాజస్థాన్ మేస్త్రీ నేర్పినా, ఇటలీ పుస్తకం నేర్పినా ఆయనకు ఒకటే. మన గోడకు, మన వానకు ఏది నిలుస్తుందో చూసుకున్నాడు.

ఈ విద్యలో గురువును మించిన శిష్యుడు వినోద్‌బిహారీ ముఖర్జీ. కళాభవన్ తొలి విద్యార్థుల్లో ఒకడు. పుట్టుకతోనే ఒక కన్ను లేదు, రెండో కంటికి చూపు అంతంతమాత్రం. 1940లో హాస్టలు పైకప్పు మీద బీర్‌భూమ్ పల్లె బతుకునంతా పరిచాడు. మధ్యలో చెరువు, చుట్టూ ఇళ్లూ చెట్లూ పశువులూ మనుషులూ. పడుకున్న విద్యార్థి కళ్లు తెరిస్తే ఊరు కనిపిస్తుంది. తర్వాత 1946, 47 సంవత్సరాల్లో హిందీ భవన్ గోడల పైభాగాన మధ్యయుగాల భక్తకవుల బతుకులను తడి సున్నంలో చిత్రించాడు. కబీరు, సూరదాసు, తులసీదాసు, గురు గోవింద్ సింగ్, వాళ్ల చుట్టూ నది ప్రవాహంలా సాగిపోయే మామూలు జనం. గోడంత నమూనా ముందే వేసుకుని అద్దుకోవడం మామూలు పద్ధతి. ఆయన చిన్న చిత్తు నమూనాలు మాత్రం దగ్గర పెట్టుకుని నేరుగా గోడ మీదే వేస్తూ పోయాడు. పక్కన సున్నం అందించి, రంగులు నూరి, గార పెట్టిన విద్యార్థుల్లో కె.జి. సుబ్రమణ్యన్ ఉన్నాడు. ఈ దేశంలో ఇరవయ్యో శతాబ్దపు గోడబొమ్మల్లో ఇంతకన్నా గొప్పది నాకు తెలియదు. పదేళ్లు తిరక్కముందే వినోద్‌బిహారీకి ఉన్న చూపూ పోయింది. చూపు లేకుండానే 1972లో పలకలతో గోడబొమ్మ పేర్చాడు. సత్యజిత్ రాయ్ తీసిన డాక్యుమెంటరీ ‘ది ఇన్నర్ ఐ’లో ఆ చేతులు పలకల మీద తడుముకుంటూ తిరగడం చూడొచ్చు.

పూర్తిగా విద్యార్థులదే అనదగ్గ కట్టడం ‘కాలో బాడీ’, అంటే నల్లిల్లు. 1930ల నడుమ కట్టిన మట్టి హాస్టలు ఇది. వానకూ చెదలకూ తట్టుకోవాలని గోడలకు తారు పూశారు, అందుకే ఆ నలుపు. ఆ గోడల మీద నందలాల్, రాంకింకర్ బైజ్ పర్యవేక్షణలో విద్యార్థులు మట్టితో ఉబ్బెత్తు బొమ్మలు చేశారు. భర్హుత్ స్తూపం నుంచి ఒకటి, మొహెంజోదారో ముద్రల నుంచి ఇంకొకటి, ఈజిప్టు నుంచి, అస్సీరియా నుంచి. పుస్తకాల్లో ఫొటోలుగా చూసినవాటిని చేత్తో తడిమి తెలుసుకోవడం ఇది. కాపీ కొట్టడం కదా అంటారేమో. తాటికాయంత మట్టిముద్దను గోడకు కొట్టి ఎద్దు మూపురం తెప్పించడానికి ప్రయత్నిస్తే తెలుస్తుంది అందులో కాపీ ఎంతో. పై తరగతుల విద్యార్థులు ఆ ఇంట్లోనే నివాసముండటం రివాజుగా వచ్చింది. మట్టి గోడ కాబట్టి ఎప్పటికప్పుడు మరమ్మతు చెయ్యాలి, తారు పుయ్యాలి. ఒక తరం చేసినదాన్ని తర్వాతి తరం కాపాడితేనే నిలుస్తుంది.

రాంకింకర్ సంగతి వేరు. బాంకురాలో మంగలి కుటుంబంలో పుట్టి 1925లో కళాభవన్‌కు వచ్చాడు. పెద్ద విగ్రహాలు చెయ్యాలని కోరిక, కంచు కొనడానికి డబ్బు లేదు. చుట్టూ దొరికే చిట్టురాతి కంకరను సిమెంటులో కలిపి ఇనప చువ్వల చట్రం మీదికి విసిరి విసిరి పేర్చాడు. 1938 నాటి ‘సంతాల్ కుటుంబం’ అలా పుట్టింది. కావడిలో బిడ్డ, పక్కన కుక్క, సామాను నెత్తిన పెట్టుకుని పనికోసం తరలిపోయే మనుషులు. రాజులకూ దొరలకూ తప్ప విగ్రహాలు లేని దేశంలో కూలి మనుషులను నిలువెత్తున ఆరుబయట నిలబెట్టాడు. అంతకు ముందు 1935లో జయా అప్పాసామి అనే విద్యార్థిని పోలికలతో పొడవాటి ఆడమనిషి బొమ్మ చేస్తే, నందలాల్ చూసి నెత్తిన గిన్నె పెట్టమన్నాడట. అంతే, చెట్ల మధ్య నడుస్తున్న ఆ పిల్ల బుద్ధుడికి పాయసం తీసుకెళ్లే సుజాత అయింది. గురువు దిద్దడం అంటే ఇది. వేలు కూడా పెట్టకుండా పేరు మార్చేశాడు.

ఇక హరిపురా. 1938 ఫిబ్రవరిలో గుజరాత్‌లో తాపీ నది ఒడ్డున కాంగ్రెస్ మహాసభ, అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్. సభాస్థలిని అలంకరించమని గాంధీ నందలాల్‌ను అడిగాడు. ఊరివాళ్లకు అర్థమయ్యేలా, ఊళ్లో దొరికేవాటితో చెయ్యాలన్నది షరతు. నందలాల్ ముందు ఆ చుట్టుపక్కల పల్లెలు తిరిగి బొమ్మలు గీసుకున్నాడు. కుమ్మరి, వడ్రంగి, దర్జీ, చెప్పులు కుట్టేవాడు, మద్దెల వాయించేవాడు, కుస్తీ పట్టేవాడు, ఎద్దును లొంగదీసేవాడు, నూలు వడికే ఆడమనిషి. అట్ట మీద కాగితం అంటించి, మట్టిరంగులను జిగురులో కలిపి, వెడల్పాటి కుంచెతో చకచకా లాగాడు. కాళీఘాట్ పటాలు వేసే పటువాల పద్ధతి ఇది: గీతలో తడబాటు ఉండకూడదు, రంగులో నసుగుడు ఉండకూడదు. ఒక్కో మనిషి చుట్టూ గుడి గూడులాంటి కమాను. దూరం నుంచి దుమ్ములో నడిచి వచ్చేవాడికి కూడా కనిపించాలి.

నందలాల్ స్వయంగా వేసినవి ఎనభై పైచిలుకు. సభాస్థలిలో కట్టినవి దాదాపు 400. మిగతావి శిష్యులు చేసిన ప్రతులు. మూలం పక్కన పెట్టుకుని, అదే ఊపుతో మళ్లీ మళ్లీ వెయ్యడం. పటువా ఇంట్లో పిల్లలు నేర్చుకునే తీరే ఇది. వందోసారి వేసేసరికి గీత చేతిలోకి వచ్చేస్తుంది, ఆలోచన అక్కర్లేదు. ఈ పని చేసిన విద్యార్థికి టెంపెరా (జిగురులో కలిపిన రంగులతో వెయ్యడం) గురించి ఇంకెవరూ పాఠం చెప్పనక్కర్లేదు.

ఇక్కడ నాకొక అభ్యంతరం ఉంది. ఈ రోజున హరిపురా పోస్టర్లు అంటే నందలాల్ పేరే వినిపిస్తుంది. మూడువందల చిల్లర అట్టల మీద చెమటోడ్చిన పిల్లల పేర్లు చెప్పేవాళ్లు లేరు. రాజ్యాంగం విషయంలోనూ రామ్‌మనోహర్ తన పేరు మూలన ఇరికించుకోబట్టి సరిపోయింది గానీ, ఏ అంచు ఎవరు వేశారో చాలా పేజీల విషయంలో జనానికి తెలియదు. సంతకం పెట్టకపోవడం మన శిల్పుల సంప్రదాయం అంటారు. నిజమే. కానీ గుడి చెక్కినవాళ్లలో ఎవరి పేరూ మిగల్లేదు. ఇక్కడ గురువు పేరు మిగిలింది, శిష్యుల పేర్లు పోయాయి. కలిసి చేసే పనిని మెచ్చుకునేటప్పుడు ఈ లెక్క కూడా చూసుకోవాలి. ఇప్పుడు గోడలు వేయించే ఆచార్యులు కింద అందరి పేర్లూ రాయించడం మంచిది.

లినో అచ్చుల గురించి ఒక్క మాట. 1930లో ఠాగూర్ రాసిన బెంగాలీ వాచకం ‘సహజ్ పాఠ్’కు నందలాల్ లినో మీద చెక్కి నలుపు తెలుపుల్లో బొమ్మలు వేశాడు. అదే ఏడాది దండియాత్రలో కర్ర పట్టుకుని నడిచే గాంధీనీ అలాగే చెక్కాడు. అచ్చు అంటే ఒక బొమ్మ వంద ఇళ్లకు వెళ్లడం. గోడకూ అచ్చుకూ బుద్ధి ఒకటే, ఒకడి గదిలో తలుపు వేసుకుని ఉండవు. ఆ తర్వాత కాలంలో సోమనాథ్ హోర్ వచ్చి కళాభవన్ అచ్చుల విభాగాన్ని ఎక్కడికో తీసుకెళ్లాడు. అది ఇంకో వ్యాసానికి సరిపడా కథ.

కళాభవన్ మీద విమర్శలు లేకపోలేదు. నందలాల్ చెయ్యి చూసి నేర్చుకున్నవాళ్లలో చాలామంది ఆ చేతినే పట్టుకు వేలాడారు. సన్నటి నడుములు, వాలిన కళ్లు, మెత్తటి గీతలు దేశమంతా పాకి, కొన్నాళ్లకు పెళ్లి శుభలేఖల మీదికి చేరాయి. మహానగరాల కొత్త చిత్రకారులు దాన్ని వెక్కిరించారు, ఆ వెక్కిరింతలో కొంత న్యాయం ఉంది. గురువు చూపించిన దారిలో నడవడం వేరు, గురువు నడకను అనుకరించడం వేరు. వినోద్‌బిహారీ, రాంకింకర్ నిలబడ్డారంటే వాళ్లు మొదటిది చేశారు కాబట్టి. రాంకింకర్ సిమెంటు విగ్రహాల్లో నందలాల్ గీత ఎక్కడా కనిపించదు. అయినా ఆయన్ను అక్కడే ఉండనిచ్చి, ఆవరణలో చోటిచ్చి, చెయ్యనిచ్చినవాడు నందలాలే.

మన తెలుగు నేలకు ఈ విద్య రెండు దారుల్లో వచ్చింది. ఒకటి నేరుగా. వరంగల్ ప్రాంతంలో పుట్టిన కొండపల్లి శేషగిరిరావు హైదరాబాద్‌లో చిత్రకళ చదివి, శాంతినికేతన్ వెళ్లి నందలాల్ దగ్గర నేర్చుకుని వచ్చాడు. పురాణగాథలు వేసినా, తెలంగాణ బండరాళ్లూ చెట్లూ వేసినా ఆ గీతలో శాంతినికేతన్ జాడ ఉంటుంది. రెండో దారి బరోడా మీదుగా. హిందీ భవన్‌లో సున్నం అందించిన కె.జి. సుబ్రమణ్యన్ పెద్దవాడై బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో గురువయ్యాడు. ఆయన దగ్గరికి 1960ల్లో మెదక్ జిల్లా నిజాంపూర్ నుంచి లక్ష్మా గౌడ్ వెళ్లాడు, తర్వాత తోట వైకుంఠం వెళ్లాడు. బరోడా నుంచి తిరిగొచ్చాక ఈ ఇద్దరూ వేసింది బరోడాను కాదు. లక్ష్మా గౌడ్ ఎచింగుల్లో మేకలూ తుమ్మచెట్లూ పల్లె ఆడామగా వచ్చాయి. వైకుంఠం బొమ్మల్లో నుదుటిన రూపాయంత బొట్టు, ముదురు రంగు చీరల తెలంగాణ ఆడవాళ్లు వచ్చారు. బీర్‌భూమ్‌లో నందలాల్ పెట్టిన పాఠం, నీ ఊరు చూడు అన్నదే, రెండు తరాలు దాటి ఇక్కడికి చేరింది. లక్ష్మా గౌడ్ తర్వాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పాడు. అలా మూడో తరానికీ అందింది.

అంతకన్నా ముందే రాజమండ్రిలో ఇలాంటి కథ ఒకటి మొదలై మధ్యలోనే ఆగిపోయింది. ప్రభుత్వ కళాశాల ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే, పాఠాలతో పాటు బొమ్మలేసే పిల్లలను చేరదీసేవాడు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆ చేతి చలవలోనే ఎదిగారు. రామారావు బొంబాయి వెళ్లి చదివి వచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టాడు గానీ, 1925లో ముప్పై ఏళ్లు నిండకుండానే పోయాడు. నందలాల్‌కు దొరికిన మూడు దశాబ్దాల్లో మూడో వంతు రామారావుకు దొరికి ఉంటే గోదావరి ఒడ్డున మనకూ ఒక కళాభవన్ ఉండేదేమో. ఇది నా ఆశే, చరిత్ర కాదు.

శాంతినికేతన్‌ను 2023 సెప్టెంబరులో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. గుర్తింపు వచ్చినంత మాత్రాన సున్నానికి చెమ్మ పట్టడం ఆగదు. గోడబొమ్మలకు శత్రువులు పాతవే: పైకప్పు నుంచి కారే వాన, నేల నుంచి ఎక్కే ఉప్పు, తెలియక చేసే మరమ్మతు. సుబ్రమణ్యన్ తిరిగి శాంతినికేతన్ చేరి కళాభవన్ భవనం ఒకదాని గోడల నిండా నలుపు తెలుపుల్లో బొమ్మలు వేశాడు. అవి వానకు పాడైతే, ఎనభై అయిదో ఏట విద్యార్థులను వెంటబెట్టుకుని నిచ్చెనలెక్కి కొత్తగా వేశాడు. పాతది పోయిందని ఏడవకుండా మళ్లీ వెయ్యడం కూడా ఆ బడి నేర్పిన పద్ధతే.

మన రెండు రాష్ట్రాల్లో లలితకళలు నేర్పే విశ్వవిద్యాలయాలున్నాయి. విశాఖలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, హైదరాబాద్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం, జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం. ఏటా అక్కడి విద్యార్థులు మంచి బొమ్మలు వేస్తారు, సంవత్సరాంతంలో ఒక హాల్లో వారం రోజులు ప్రదర్శిస్తారు, తర్వాత అవి హాస్టలు మంచాల కిందికి పోతాయి. ఉపకులపతులకు నా మనవి ఇదే. ఏడాదికి ఒక గోడ ఇవ్వండి. హాస్టలు భోజనశాల గోడ కావచ్చు, గ్రంథాలయం మెట్ల పక్క గోడ కావచ్చు, ఊళ్లోని బస్టాండు గోడైతే మరీ మంచిది. పైనుంచి నినాదాలు, నాయకుల ముఖాలు ఇవ్వకండి. సున్నం, జేగురు, ఒక పాత మేస్త్రీ, ఆరు నెలల గడువు ఇవ్వండి. పని అయ్యాక అడుగున చేసినవాళ్లందరి పేర్లూ రాయించండి.

చదువరులకు ఒక సూచన. నందలాల్ పుట్టింది డిసెంబరు 3న. దానికి ముందు రెండు రోజులు, డిసెంబరు 1, 2 తేదీల్లో, కళాభవన్ ఆవరణలో నందన్ మేళా జరుగుతుంది. విద్యార్థులూ ఆచార్యులూ చేసిన అచ్చులు, కుండలు, బొమ్మలు, క్యాలెండర్లు అక్కడ మామూలు మనిషి కొనుక్కోగల ధరలకు అమ్ముతారు. వచ్చిన డబ్బు విద్యార్థుల సహాయ నిధికి పోతుంది. హౌరాలో రైలెక్కి బోల్‌పూర్ శాంతినికేతన్ స్టేషన్‌లో దిగాలి.